ఎంట్రీ చేసే మనిషి



ఉద్యోగుల మీద పని ఒత్తిడి అనగానే మనకు బెంగళూరు అద్దాల మేడలు, అర్ధరాత్రి దాకా ల్యాప్‌టాప్ ముందు కూర్చునే కుర్రవాళ్లు గుర్తుకొస్తారు. వాళ్ల కష్టం చిన్నదేమీ కాదు. మన అనంతపురం జిల్లా పిల్లలు ఎంతోమంది అక్కడే ఉన్నారు. అయితే ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఊళ్లోనే ఉండి పనిచేసేవాళ్ల గురించి. అంగన్‌వాడీ టీచరు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం, ఉపాధి పని దగ్గర మేటు, ఫీల్డ్ అసిస్టెంటు, సచివాలయంలో వ్యవసాయ సహాయకుడు. గత కొన్నేళ్లలో వీళ్లందరి పనీ ఫోన్‌లోకి చేరింది. పని తేలికవుతుందని చెప్పి ఆ ఫోన్‌ను చేతిలో పెట్టారు. ఎంతవరకు తేలికయింది? కాకపోతే, దాన్ని మనిషికి మేలు చేసే సాధనంగా మలుచుకోవడం ఎట్లా?

ముందు మన నేల సంగతి చెప్పాలి. నైరుతి రుతుపవనాల తడిని పడమటి కనుమలే పిండేసుకుంటాయి. ఈశాన్య రుతుపవనాలు తీరం దాటి ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గిపోతాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వాన, వేరుశనగకు ఊడలు దిగే వేళకు పడుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే 2006 ఫిబ్రవరి 2న అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఉపాధి హామీ పథకాన్ని ప్రారంభించడానికి నార్పల మండలం బండ్లపల్లికి వచ్చారు. తర్వాత దేశమంతటికీ విస్తరించిన పథకం మన కరువు ఊరి నుంచే మొదలైంది.

అదే ఏడాది ఈ జిల్లాలో ఇంకో పెద్ద పని జరిగింది. పెద్దవాళ్లలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఉపాధి పనుల మీద సామాజిక తనిఖీ అని, మస్టరు కాగితాలు చేతపట్టుకుని జనం ఊరూరా నడిచారు. రచ్చకట్ట దగ్గర కూర్చుని పేర్లు చదివారు. ఫలానా ఆమె ఇన్ని రోజులు పనిచేసింది, ఇంత కూలి అందింది, నిజమేనా అని అడిగారు. నిజం కాకపోతే ఆమె లేచి నిలబడి చెప్పింది. ఆఫీసులో రాసుకున్న లెక్క ఎవరి గురించో, వాళ్ల ముందుకే తిరిగి వచ్చింది. ఆ పద్ధతి విలువ ఇప్పుడు ఇంకా బాగా తెలుస్తోంది. ఎందుకంటే, ఇప్పుడు లెక్క ఫోన్‌లోంచి పైకి వెళుతోంది గానీ కిందికి రావడం లేదు.

ఉపాధి పనుల హాజరు కోసం కేంద్రం 2021 మే నెలలో ఎన్ఎంఎంఎస్ అనే యాప్ తెచ్చింది. 2023 జనవరి 1 నుంచి అన్ని పని స్థలాల్లోనూ దాన్ని తప్పనిసరి చేసింది. రోజుకు రెండుసార్లు కూలీల ఫొటో తీసి, స్థలం, సమయం గుర్తులతో సహా ఎక్కించాలి. దొంగ మస్టర్లు ఆపాలన్న ఉద్దేశం మంచిదే. దొంగ మస్టర్ల బాధ తెలిసిన జిల్లా మనది, ఆ మాట మనమే ముందు ఒప్పుకోవాలి.

ఇక పని దగ్గర ఏం జరుగుతుందో చూడండి. ఏప్రిల్ నెల, గుట్ట కింద కందకాల పని. ఎండ ముదిరేలోపు ముగించాలని జనం ఆరు గంటలకే గడ్డపారలు, గంపలు తీసుకుని వస్తారు. మేటుగా ఉన్నది ఊళ్లోనే చదువుకున్న అమ్మాయి. ఫొటోకు అందర్నీ ఒకచోట నిలబెట్టాలి. ఒకాయన బీడీ ఆర్పేసి వస్తానంటాడు. ఒకామె తలగుడ్డ సర్దుకుంటుంది. ఇద్దరు నీళ్ల బిందె కోసం పోయారు, వాళ్లు రావాలి. తీరా తీశాక ఫొటో ఎక్కదు. ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని గుట్ట ఎక్కుతుంది. సిగ్నల్ ఒక గీత వస్తుంది, పోతుంది. కింద నుంచి కేక: "ఎక్కిందా పాపా?" ఎక్కలేదంటే వాళ్ల మొహాలు మాడిపోతాయి, ఎందుకంటే హాజరు పడకపోతే కూలి పడదు. సిగ్నల్ ఉన్నచోటికి వచ్చాక అప్‌లోడ్ చేసుకునే వెసులుబాటు ఉందని నిబంధనల పుస్తకంలో ఉంటుంది. నిజమే. కానీ ఆ సిగ్నల్ దొరికేదాకా ఆమె కడుపులో ఉండే గుబులుకు ఏ పుస్తకంలోనూ లెక్క లేదు. టవర్ లేకపోవడం ఆమె తప్పు కాదు. అయినా, రేపు కూలి పడకపోతే జనం వచ్చేది ఆమె ఇంటి ముందుకే.

ఇంకో సంగతి ఉంది. ఫొటోను ఫొటో తీసి ఎక్కిస్తున్నారని, సంబంధం లేని ఫొటోలు పెడుతున్నారని కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే 2025 జులైలో గుర్తించింది. ఫొటోలన్నిటినీ పంచాయతీ స్థాయిలో మనుషులే చూసి సరిచూడాలని ఉత్తర్వు ఇచ్చింది. మనిషి మీద నమ్మకం చాలక యాప్ తెచ్చాం, యాప్ మీద నమ్మకం చాలక మళ్లీ మనిషినే పెట్టాం. ఈ రెండో పని కూడా కింది స్థాయి వాళ్ల నెత్తినే పడింది. వాళ్ల పనిగంటలు పెరిగాయా అని ఆ ఉత్తర్వు ఇచ్చేటప్పుడు ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

అంగన్‌వాడీ కేంద్రానికి రండి. 2021 మార్చి నుంచి పోషణ్ ట్రాకర్ అనే కేంద్రం యాప్ ఉంది. రాష్ట్రం యాప్ వేరే ఉంది. పిల్లల బరువు, ఎత్తు, హాజరు, గర్భిణుల వివరాలు, ఇళ్ల సందర్శన, అన్నీ ఎక్కించాలి. 2025 జులై నుంచి ఇంటికిచ్చే సరుకులకు ముఖం గుర్తింపు కూడా తప్పనిసరి అయింది. బాలింత వచ్చింది. చంకలో బిడ్డ, చేతిలో సంచి. రాగిపిండి, బెల్లం, అటుకులు కొలిచి పెట్టి ఉన్నాయి. వివరాలు సరిచూడడానికి ఓటీపీ రావాలి. ఓటీపీ వచ్చే నంబరు ఆమె మొగుడిది. ఆయన బెంగళూరులో సెంట్రింగ్ పనిలో ఉన్నాడు. మూడో అంతస్తులో ఉంటే ఫోన్ ఎత్తడు. "మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు చూస్తాడక్కా" అంటుంది బాలింత. ఆ మధ్యాహ్నం కోసం ఈమె, బిడ్డను ఎత్తుకుని ఆమె, ఇద్దరూ ఎదురుచూస్తారు. అవతల గదిలో పిల్లలు ఏడుస్తుంటారు. వాళ్లకు పాట నేర్పించడమే తన ఉద్యోగమని నమ్మి వచ్చిన మనిషి, ఓటీపీ కోసం తలుపు దగ్గర నిలబడి ఉంటుంది.

సాయంత్రానికి వాట్సాప్ గ్రూపులో పట్టిక వస్తుంది. ఎవరు ఎంత శాతం పూర్తి చేశారో రంగులతో సహా. పచ్చ రంగు గడిలో ఉన్నవాళ్లకు చేతులు జోడించిన బొమ్మ. ఎర్ర రంగు గడిలో ఉన్నవాళ్లను పేరుతో సహా అడుగుతారు: ఎందుకు పెండింగ్? రాత్రి సంగటి గెలికే వేళకు ఆ ఫోన్ మోగుతుంది. చెయ్యి కడుక్కుని జవాబు ఇవ్వాలి, లేదా రేపటి టెలికాన్ఫరెన్సులో ఇవ్వాలి. ఎర్ర రంగుకు కారణం సర్వర్ కావచ్చు, టవర్ కావచ్చు, బెంగళూరులో ఫోన్ ఎత్తని మొగుడు కావచ్చు. పట్టికలో కారణం రాయడానికి గడి ఉండదు.

కరువు నేలలో ఈ భారం ఇంకా లోతుగా దిగుతుంది. వాన పడితే పొలం పని పెరుగుతుంది. వాన పడకపోతే ఎంట్రీలు పెరుగుతాయి. పంట ఎండిందంటే పంటల నమోదు ఉండే ఈ-క్రాప్‌లో చూడాలి, నష్టం లెక్క కట్టాలి, పొలం పొలం తిరిగి ఫొటోలు తీయాలి. ఉపాధి పనికి వచ్చే జనం పెరుగుతారు, మస్టర్లు పెరుగుతాయి. వలసపోయిన ఇళ్లలో పిల్లలు ఎక్కడున్నారో వెతికి రాయాలి. ఈ లెక్కలన్నీ రాసే మనిషికి కూడా అదే ఊళ్లో ఎండిపోయిన నాలుగెకరాల శనగ చేను ఉండొచ్చు. పొరుగువాడి నష్టాన్ని ఫోన్‌లో ఎక్కించి, జాబితాలో పేరు రాలేదని అతనితో మాట పడి, ఇంటికి పోయి తన నష్టం గురించి ఇంట్లోవాళ్లతో మాట్లాడాలి. ఇతర ప్రాంతాల ఉద్యోగికి లేని బరువు ఇది. నగరాల కోసం రాసిన ఒత్తిడి తగ్గించే పాఠాల్లో ఈ సంగతి కనిపించదు.

పనిలో ఇట్లా లోపల కాలిపోయే స్థితిని వైద్య లోకం ముందు మొదట ఎవరు పెట్టారో తెలిస్తే, మన అంగన్‌వాడీ టీచర్లకు ఇది ఎంతగా వర్తిస్తుందో అర్థమవుతుంది. 1974లో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త న్యూయార్క్‌లో పేదలకు ఉచితంగా వైద్యం చేసే ఒక క్లినిక్ సిబ్బందిలో, స్వచ్ఛంద కార్యకర్తల్లో దీన్ని గమనించి రాశాడు. పెద్ద జీతాల అధికారుల్లో కాదు, పేదల మధ్య ప్రేమతో పనిచేసేవాళ్లలో చూశాడు. ఆ తర్వాత క్రిస్టినా మాస్లాక్ దీన్ని కొలిచే పద్ధతి తయారుచేసింది, 1981లో. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని పనికి సంబంధించిన స్థితిగా నిర్వచించింది. శక్తి అయిపోవడం, పని మీద మనసు విరిగిపోవడం, చేస్తున్న పనికి ఫలితం లేదనిపించడం, ఈ మూడూ లక్షణాలు. ముఖ్యమైన మాట ఏమిటంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బు అనలేదు. పనిచేసే చోట ఒత్తిడిని సరిచేయకుండా చాలాకాలం వదిలేస్తే వచ్చేది అంది. అంటే చికిత్స ముందు పనికి జరగాలి, తర్వాత మనిషికి.

కంపెనీల్లో ఈ మధ్య ఉద్యోగులకు ధ్యానం యాప్‌లు, నిద్ర యాప్‌లు, మూడ్ ఎట్లా ఉందో రోజూ అడిగే యాప్‌లు ఇస్తున్నారు. మంచి మనసుతోనే ఇస్తారనుకుందాం. కానీ ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు విలియం ఫ్లెమింగ్ 2024లో ప్రచురించిన అధ్యయనం చూడండి. బ్రిటన్‌లో 233 సంస్థల్లో 46,336 మంది ఉద్యోగుల సమాచారం పరిశీలించాడు. ఒక్కో మనిషి ఒత్తిడిని తట్టుకోవడం నేర్పే యాప్‌లు, శిక్షణలు తీసుకున్నవాళ్లు, తీసుకోనివాళ్లకంటే మెరుగ్గా ఉన్నట్టు కనిపించలేదు. పని తీరు మార్చకుండా మనిషిని మార్చబోతే ఫలితం అంతే. గుట్టమీద ఫోన్ పైకెత్తి నిలబడ్డ అమ్మాయికి ఊపిరి నిదానంగా పీల్చమని ఇంకో యాప్ చెబితే ఆమెకు ఒరిగేదేముంది? ఆమెకు కావలసింది టవరు. లేదా సిగ్నల్ లేని రోజు హాజరు కాగితం మీద రాసినా చెల్లుతుందన్న భరోసా.

మరి డిజిటల్ సాధనాలతో మేలే జరగదా అంటే, జరుగుతుంది. జరిగిన చోట్లు ఉన్నాయి. 2011లో జర్మనీలో ఫోక్స్‌వ్యాగన్ కంపెనీ ఒక ఏర్పాటు చేసింది. షిఫ్టు ముగిసిన అరగంట తర్వాత ఉద్యోగుల ఫోన్లకు ఆఫీసు మెయిళ్లు రాకుండా సర్వరే ఆపేసేది. మర్నాడు షిఫ్టుకు అరగంట ముందు మళ్లీ వదిలేది. డైమ్లర్ కంపెనీ ఇంకో అడుగు వేసి, సెలవులో ఉన్న ఉద్యోగికి వచ్చిన మెయిల్ తనంతట తానే చెరిగిపోయేటట్టు, అవసరమైతే ఫలానావాళ్లకు రాయండని పంపినవాళ్లకు జవాబు వెళ్లేటట్టు చేసింది. సెలవు నుంచి తిరిగి వచ్చేసరికి పేరుకున్న గుట్ట ఉండదు. పని గంటలు దాటాక మెయిళ్లకు దూరంగా ఉండే హక్కును ఫ్రాన్సు 2017 నుంచి చట్టంలో పెట్టింది. 2024 ఆగస్టు నుంచి ఆస్ట్రేలియాలోనూ ఉంది. ఇక్కడ ఉద్యోగిని గుండె దిటవు చేసుకోమని ఎవరూ చెప్పలేదు. యంత్రానికే విశ్రాంతి వేళ నేర్పించారు.

దూరం పోనక్కరలేదు. మన రాష్ట్రంలో బడి టీచర్లు ఎన్నో యాప్‌లతో సతమతమయ్యేవాళ్లు. 2022 ఆగస్టులో ముఖం గుర్తింపు హాజరు, అదీ సొంత ఫోన్లలో, తెచ్చినప్పుడు ఉపాధ్యాయ సంఘాలు గట్టిగా అడ్డుచెప్పాయి. 2025లో విద్యాశాఖ ఆ యాప్‌లన్నిటినీ కలిపి లీప్ అనే ఒకే యాప్‌గా చేసింది. అందులో లోపాలు ఉండొచ్చు, సవరించుకోవచ్చు. కానీ టీచర్లకు చేయగలిగింది అంగన్‌వాడీకి, ఆశాకు, ఏఎన్ఎంకు ఎందుకు చేయకూడదు? ఒకే గర్భిణి పేరును, ఒకే ఊళ్లో ముగ్గురు మనుషులు వేర్వేరు యాప్‌లలో ఎక్కిస్తున్నారు. ఒకసారి ఎక్కితే మిగతా చోట్లకు తానే పోయేటట్టు చేయడం కంప్యూటరుకు కష్టమైన పని కాదు. ఆ ఒక్క మార్పుతో మిగిలే సాయంత్రాలు ఏ ధ్యానం యాపూ ఇవ్వలేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, అది చెప్పకుండా దాటలేను. అంగన్‌వాడీ టీచరును ప్రభుత్వం ఉద్యోగిగా లెక్కించదు. గౌరవ వేతనం తీసుకునే కార్యకర్త అంటుంది. మన రాష్ట్రంలో ఆ వేతనం 11,500 రూపాయలు, ఆయాకు 7,000. 2023 డిసెంబరు 12న మొదలుపెట్టి 42 రోజులు వాళ్లు సమ్మె చేశారు. మధ్యలో సమ్మెలను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించారు. గ్రాట్యుటీకి వాళ్లు అర్హులేనని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. హాజరు, టార్గెట్, మెమో విషయంలో పూర్తి ఉద్యోగి, సెలవు, వైద్యం, విశ్రాంతి విషయంలో మాత్రం స్వచ్ఛంద సేవకురాలు అనడం న్యాయం కాదు. ఉద్యోగుల సంక్షేమం పేరుతో వచ్చే ఏ పథకమైనా ముందు వీళ్లకు వర్తిస్తుందా అని అడగాలి.

నా ప్రతిపాదన ఒకటి ఉంది. ఈ యాప్‌లన్నిటిలోనూ ప్రతి ఎంట్రీకి సమయం నమోదై ఉంటుంది. ఏ టీచరు రాత్రి తొమ్మిదిన్నరకు ఎక్కించింది, ఏ ఫీల్డ్ అసిస్టెంటు ఆదివారం లాగిన్ అయ్యాడు, ఎవరి ఫొటో ఎన్నిసార్లు విఫలమై చివరికి ఎక్కింది, అంతా సర్వర్‌లో ఉంది. ఈ సమాచారంతో ఇప్పటిదాకా ఆలస్యాన్నే పట్టుకున్నాం. దానితోనే అలసటను కూడా పట్టుకోవచ్చు. నెలకోసారి సెక్టార్ సమావేశంలో ఆ లెక్కను చదివి వినిపించాలి. ఈ నెల మన సెక్టారులో సాయంత్రం ఆరు దాటాక ఇన్ని ఎంట్రీలు జరిగాయి, సర్వర్ ఇన్ని గంటలు పనిచేయలేదు, ఫలానా ఊళ్లో సిగ్నల్ అందక ఇన్ని ఫొటోలు ఆగాయి అని. పేర్లు చెప్పనక్కరలేదు. చెబితే అదీ ఇంకో ఎర్రగడి అవుతుంది. వింటున్నవాళ్లు లేచి నిజమో కాదో చెబుతారు. ఆ మాటలు మినిట్స్‌లో రాసి, సర్వర్ పనిచేయని గంటలను వాళ్ల పెండింగ్‌లోంచి తీసేయాలి. ఊరి లెక్కను ఊరి ముందే చదివి వినిపించిన జిల్లాకు ఇది కొత్త విద్యేమీ కాదు. అధికారులకు నా మనవి: రాత్రిపూట గ్రూపులో మెసేజ్ పెట్టాలనిపిస్తే, పొద్దున ఎనిమిదికి వెళ్లేటట్టు సమయం పెట్టి రాయండి. కొన్ని ఫోన్లలో ఆ సదుపాయం ఉంది. లేకపోతే నోట్స్‌లో రాసి ఉంచుకోండి. వరదో, ప్రసవమో తప్ప, తెల్లవారేదాకా ఆగలేని శాతం ఏదీ ఉండదు.

ఈలోగా మనసు మరీ బరువెక్కినవాళ్లు ఆగి ఉండనక్కరలేదు. టెలీ మానస్ అని కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన సేవ ఉంది. నంబరు రాసుకోండి: 14416. ఇంకోసారి: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు. ఉచితం. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. తెలుగులో మాట్లాడవచ్చు. ముందు శిక్షణ పొందిన కౌన్సెలర్ వింటారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు. ఈ సేవకు జాతీయ స్థాయిలో దారి చూపేది బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్. మన ప్రాంతంలో నిమ్హాన్స్ పేరు వింటే ఇంకా కొందరు గొంతు తగ్గిస్తారు. "ఆమెను నిమ్హాన్స్‌కు తీసకపోయినారంట" అని గుసగుసలాడతారు. ఆ భయంతోనే చాలామంది బస్సెక్కరు. ఫోన్‌కు ఆ ఇబ్బంది లేదు. ఎవరు చేశారో ఊరికి తెలియదు. రోజంతా ఇతరుల వివరాలు ఎక్కించే ఆ ఫోన్‌తోనే మన మాట వినేవాళ్లను పిలవవచ్చు. పిచ్చి ఉంటేనే చేయాలన్న నియమం లేదు. నిద్ర పట్టకపోవడం, పొద్దున లేస్తూనే పనికి పోబుద్ధి కాకపోవడం, పిల్లలంటే ప్రాణంగా చూసుకున్న మనిషికి వాళ్ల ఏడుపు వింటే విసుగు రావడం, ఇవి చాలు.

సూపర్‌వైజర్లు, సీడీపీఓలు, ఎంపీడీఓలు వింటుంటే, ఈ నంబరును రేపే మీ గ్రూపులో పెట్టండి. కింద ఏ శాతమూ అడగకండి, ఎంతమంది చేశారో రిపోర్టు తెప్పించుకోకండి. నంబరు మాత్రం పెట్టి వదిలేయండి.